మూడో ఇల్లు ఎవరిది?

హుటాన్ మెలింటాంగ్,
సోమవారం.

మనవరాలు భారతిని దీవించి తాత దాసు రాసేది. మోకాళ్ళు తప్ప నేను క్షేమమే.

నీ పెళ్ళి కుదరదు. కవిరాజ్ నానమ్మ కూర్మమ్మ నిన్న సంబంధం ఖాయం సెయ్యడానికి వచ్చింది. టీవీలో పాత సినిమా నడుస్తంది. అందులో వీధి కనిపించగానే, "ఆ మూడో ఇల్లు సూడు, మా తాతలది. మా నాన్నే సూపించినాడు" అన్నాను. "అదేటి, అది మా ఇల్లు కదా!" అనేసింది. ఓడెక్కి ఈ దేశానికి కూలికొచ్చిన మనోళ్ళ ఇంటిపేర్లు రబ్బరు ఎస్టేట్ రిజిస్టర్లోనే పోయినాయి, ఇల్లొక్కటే ఆనవాలు. ఒకే ఇల్లంటే ఒకే వంశం. కూర్మమ్మ నాకు సెల్లి వరస, ఆమె కొడుకు మీ అమ్మకి బావ వరస, అంటే మీరిద్దరూ అన్నాసెల్లెళ్ళు.

ఇట్లు,
తాత

తా.క.: అంత మాటనేసి మురుకులన్నీ తినే ఎల్లింది.

సైబర్‌జయ,
గురువారం.

తాతకి భారతి నమస్కారాలు. ఫోన్ చేస్తే కట్ చేస్తున్నావు, అందుకే ఉత్తరం.

అది స్టూడియోలో కట్టిన వీధి తాతా! ఏడు సినిమాల్లో చూశాను. ఒకదాంట్లో ఆ ఇల్లు కలెక్టర్ బంగ్లా, ఇంకోదాంట్లో పోలీస్ స్టేషన్. పైగా అన్నీ తమిళ సినిమాలు! హాలు బుక్ చేశాం, పత్రికలు అచ్చుకిచ్చాం. నన్ను చంపకు.

నీ మనవరాలు,
భారతి

తా.క.: కవిరాజ్ నన్ను "చెల్లెమ్మా" అని ఏడిపిస్తున్నాడు. నాకేం నవ్వు రావడం లేదు!

హుటాన్ మెలింటాంగ్,
బుధవారం.

భారతికి, తాత కోపంగా రాసేది.

ఏడు సినిమాలూ సూసినాను. నువ్వు సెప్పింది నిజమే, మన ఇంట్లో కలెక్టరు కాపురమున్నాడు. ఎంత పరువు! తమిళం మాట్లాడితే ఏటి? మనం మాట్లాడమా? పెళ్ళి లేదని సుంగై పెటానిలో ఉన్న సుట్టాలందరికీ సెప్పేసినాను.

మాట మార్చని,
తాత

తా.క.: నాలుగో సినిమాలో మన గుమ్మం ముందే ఆడపిల్లని జుట్టు పట్టి ఈడ్చినారు. మనోళ్ళు ఒక్కడూ బయటికి రాలేదు. సిగ్గుసేటు.

సైబర్‌జయ,
శనివారం.

తాతా, నీకో దండం.

నా స్నేహితురాలు తర్షిణి చెన్నైలో ఆ స్టూడియోకి వెళ్ళి, ఆ ఇంటి వెనకవైపు ఫోటో తీసి పంపింది. ఇందులో పెట్టాను. ముందు గోడ ఒక్కటే ఉంది. దాని వెనక కర్రలు, కర్రల మధ్య మేకలు. వంటిల్లే లేని ఇంట్లో వంశం ఎలా పుట్టింది? నాకు కవిరాజే కావాలి. నువ్వు లేకుండా పీటల మీద కూర్చోలేను. ఏడుపొస్తోంది.

విసిగిపోయిన,
భారతి

తా.క.: ఫోటో చూసి కూర్మమ్మ నానమ్మ "మా ఇల్లు కూలిపోయిందే!" అని రాగాలు తీసి ఏడ్చింది.

హుటాన్ మెలింటాంగ్,
మంగళవారం.

బంగారు తల్లీ, ఏడవకు.

అది ఉత్తుత్తి గోడని నాకు పన్నెండో ఏటే తెలుసు. అంతకు నాలుగేళ్ళ ముందు ఎస్టేట్లో తెర కట్టి సినిమా ఏసినారు. "మన ఊరేది?" అని మా నాన్న ప్రాణం తోడేసినాను. ఆయనా ఇక్కడే పుట్టినోడు, ఆయనకేటి తెలుసు? తెర మీదున్న ఇంటిని సూపించి "అదే" అన్నాడు. మా నాన్న నాకిచ్చిన ఊరు అదొక్కటే. పక్కన సాప మీదున్న ఆడపిల్లకి గొప్పగా సూపించినాను. ఆ గుంట కూర్మమ్మే! అప్పట్నుంచీ నా ఇంటిని తనదని సెప్పుకుంటంది. నా కడుపు మండదా? ఇల్లు తనది కాదని ఒప్పుకుంటాదేమోనని మొండికేసినాను.

మీకు సుట్టరికం లేదు, ఏటీ లేదు. పెళ్ళి సేసుకోండి. పీటల పక్కనే ఉంటాను. సుంగై పెటానోళ్ళకి నేనే మళ్ళీ సెప్తాను.

ఓడిపోయిన,
తాత

తా.క.: మూడో ఇల్లు మాత్రం నాదే. కూర్మమ్మని నాలుగోది తీసుకోమను. దానికి మేడ కూడా ఉంది.