పల్లీల మొక్కు

ఏప్రిల్ 9
మళ్లీ అదే మాట. "దీనివన్నీ నోటి వేషాలు." నాన్న, నా కంచం వైపు చూడకుండానే. ఖమ్మం హాస్టల్లో ఉండొచ్చాక తిండికి వంకలు పెట్టడం నేర్చానట. చిన్నప్పుడు పల్లీ ఉండ కొరికి పెదవులు ఉబ్బి, ఊపిరాడక కొట్టుకుంటుంటే నన్ను భుజాన వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తింది ఈయనే. మర్చిపోయాడా... మర్చిపోవాలనుకున్నాడా?
నాయనమ్మ కాశీలో పొట్లకాయ వదిలేసి వచ్చింది. ఆనాటి నుంచి ఈ గడపలోకి పొట్లకాయ రాలేదు. పెళ్లిళ్లలో కూడా అడిగి మరీ వడ్డిస్తారు ఆమెకు. దేవుడికి వదిలితే నిష్ఠ. ఒంటికి పడక వదిలితే పొగరు.

ఏప్రిల్ 12
మలేసియా ఖాయం. పామాయిల్ తోటలు చూసి రావడానికి నాలుగు కుటుంబాలు, పిల్లాజెల్లాతో. అందరం అశ్వారావుపేట చుట్టుపక్కల పామాయిల్ రైతులమే. పాస్‌పోర్టు ఫారాలు నేనే నింపా. "చదువుకున్న పిల్ల ఉంటే ఎంత సుఖం!" — పక్క తోట రాజ్యం అత్తయ్య.
విమానం. పైనుంచి సముద్రం. డిగ్రీ అయిన దగ్గర్నుంచి ఈ కిటికీలోంచి తోట తప్ప ఏం చూశాను? వెళ్లాలి.

ఏప్రిల్ 15
టూరు ఏజెంటు మా వరండాలో. "అక్కడ ఫేమస్ మేడమ్, పుల్లకు గుచ్చి కాల్చిన చికెన్. పైన పల్లీల పచ్చడి. అన్నంలో పల్లీలు, కూరముక్కల్లో పల్లీలు..."
అతను వెళ్లాక చెప్పా — నాకు పల్లీలు పడవని వాళ్ల భాషలో ఒక కార్డు రాయించుకుందాం, ప్రతి హోటల్లో చూపిద్దాం. మనతో వచ్చేవాళ్లకీ చెబుదాం.
నాన్న: "జబ్బుందని ఊరంతా చాటుకుంటావా? రేపు నీకు సంబంధం ఎవడు తెస్తాడే?"

ఏప్రిల్ 16
అమ్మకు ఉపాయం తట్టింది. పల్లీలు రాములవారికి వదిలేశానని చెప్పాలట. పెళ్లయ్యేదాకా మొక్కు. "భద్రాచలం పక్కనే ఉన్నాం, ఎవరైనా నమ్ముతారే." నాయనమ్మ పడీపడీ నవ్వింది — "నాకో మొక్కు, దీనికో మొక్కు. ఇంక మీరేం తింటార్రా!"
నేనూ నవ్వా. ఒప్పుకున్నా.

ఏప్రిల్ 18
రోడ్డంతా బీడీల తునికాకు లారీలు. దుమ్ము. ఆకులు కూడా ఎక్కడికో పోతున్నాయి.

ఏప్రిల్ 20
నమ్మారు! రాజ్యం అత్తయ్య నా గడ్డం పుణికింది. "ఈ కాలప్పిల్లలో ఇంత భక్తా!" తర్వాత అమ్మ చెవిలో వాళ్ల చెల్లెలి కొడుకు సంగతేదో. అమ్మ మొహం వెలిగిపోయింది.

ఏప్రిల్ 27

నిన్న రాజ్యం అత్తయ్య ఇంట్లో అందరికీ భోజనాలు. దోసకాయ పచ్చడి. రెండో ముద్దకే నాలుక దురద.
"అత్తయ్యా, ఇందులో..."
"పిసరంత పల్లీల పొడి వేశానమ్మా. పరాయి దేశంలో ఎట్లాగూ తప్పదు కదా, ఇప్పుడే మొక్కు సడలించుకుంటే మంచిది. దోషముంటే నాకు తగల్నీలే."
ప్రేమగానే అంది. మొక్కయితే సడలించుకోవచ్చు మరి.
చెవుల్లో హోరు. గొంతులో దూది కుక్కినట్టు. ఎవరిదో జీపు... ఆస్పత్రి. డాక్టరు: "ఏం తిన్నదమ్మా? జల్దీ చెప్పుండ్రి."
నాన్న వెనక్కి తిరిగి చూశాడు. తలుపు దగ్గర అత్తయ్య, వాళ్లాయన, మిగతా వాళ్లందరూ.
"ఎండదెబ్బండీ," అన్నాడు.
సెలైను పెట్టారు. ఊపిరి అందడం లేదు. అమ్మ నా అరికాళ్లు రుద్దుతోంది, తలెత్తకుండా. ఆమెకూ తెలుసు. డాక్టరు చొక్కా పట్టుకుని లాగాను. "పల్లీ..." మాట కాదు, ఉత్త గాలి. మళ్లీ అన్నా.
"గిదేం ఎండదెబ్బయ్యా! మొహం చూడు ఎట్లుబ్బిందో!" ఆయన అరుస్తుంటే నర్సు ఇంజెక్షన్ పట్టుకొచ్చింది.

ఏప్రిల్ 28
మొక్కు తప్పినందుకు రాముడే చూపించాడని అంటున్నారట. రాజ్యం అత్తయ్య ఏడ్చి ఏడ్చి, భద్రాచలంలో తలనీలాలు ఇస్తానందట. మా అబద్ధానికి ఆమె జుట్టు.

ఏప్రిల్ 29
నాన్న మంచం పక్కన కూర్చుని దానిమ్మకాయ ఒలిచాడు. గింజలు నా చేతిలో పోస్తూ — "భయమేసింది తల్లీ." కళ్లు తడి. నిజంగానే తడి.
కళ్లు తుడుచుకుని — "అక్కడ మనం బ్రెడ్డూ పండ్లూ చూసుకుందాం. మొక్కు మాట మాత్రం అట్లాగే ఉంచుదాం. ఇప్పుడింకా గట్టిగా నమ్ముతారు."
గింజలు నములుతూ ఉండిపోయా.

మే 1
నిద్రలో కూడా ఆ మాటే. ఎండదెబ్బండీ. ఎంత మర్యాదగా అన్నాడు.

మే 2
సాయంత్రం ఏజెంటు టిక్కెట్లు తెస్తున్నాడు. నాలుగు కుటుంబాలూ మా ఇంట్లోనే. అమ్మ రెండుసార్లు వచ్చి అడిగింది ఏ చీర కడతావే అని.
అందరూ కూర్చున్నాక చెబుతా. మొక్కు లేదు, జబ్బు. నిన్న మొన్నటిది కాదు, చిన్నప్పటి నుంచీ ఉంది. ఆస్పత్రిలో నాన్న చెప్పింది అబద్ధం. తీసుకెళ్తే తీసుకెళ్తారు, లేకపోతే లేదు.
నాన్న ఎదురుగానే ఉంటాడు. ఉండనీ.