స్వెటర్ కింద గాయం

అక్కా,

ఫోన్‌లో నోరు పెగలక, నీ హాస్టల్ స్నేహితురాలితో ఈ ఉత్తరం పంపుతున్నాను. మొన్న వీడియోలో మన పొట్టోడి స్వెటర్ చూసి "ఈ ఎండలో కుక్కకి ఫ్యాషన్ షో ఏంటే?" అని నవ్వావు. వాడి మెడ మీది కాట్లు నీకు కనబడకూడదనే తొడిగాను.

పక్కవీధి కుక్క ఒకటి మనవాడి మీద పడితే, విడదీద్దామని నేను వీడి మెడపట్టీ పట్టుకుని లాగాను. వాడు కదల్లేకపోయాడు. అది మళ్ళీ మళ్ళీ కరిచింది. చిన్న చిల్లులే కదా అని పైపైన మందు రాసి ఊరుకున్నాను. లోపల చీము పట్టింది. డాక్టర్ బొచ్చు గొరిగి, కోసి, కడిగారు. "రెండ్రోజుల ముందు తేవాల్సిందమ్మా" అన్నారు. తింటేనే గట్టెక్కుతాడట. వాడేమో నా చేతి ముద్ద ముట్టడం లేదు.

ఇది చదవగానే ఫోన్ చేసి నన్ను తిట్టు. స్పీకర్ పెడతాను. నీ గొంతు వింటూ రెండు ముద్దలైనా తింటాడేమో.

నీ చెల్లి