బల్లకాళ్ల మీది ముఖాలు

శుక్రవారం, ప్రొద్దుటూరు.

జమ్మలమడుగులో మేం మారబోయే అద్దింట్లో గోడకానించే మా రెండు పాలరాతి బల్లలు పట్టవు. చూడడానికి బెంగళూరు నుంచి పాత సామాన్ల వ్యాపారి వచ్చాడు. బల్లకాళ్ల మీద చెక్కిన ఆడముఖాలు చూసి, "ఈ పసుపు కుంకుమ కడిగేస్తేనే కొంటా" అని చెప్పి పోయాడు.

అవి దొరల కాలపు ఉత్త బొమ్మలే. అమ్మ మాత్రం అమ్మవార్లనుకుని ఇన్నేళ్లూ ప్రతి శుక్రవారం బొట్టు పెడుతోంది. నేనెప్పుడూ కాదనలేదు.

అమ్ముతానంటే ఏడుస్తుందనుకున్నా. "అమ్ముకో నాయనా, ఆ ఇంట్లో యాడ పెడతాం? కొన్నోళ్లకు మాత్రం చెప్పు, శుక్రవారం బొట్టు తప్పకూడదని" అంది. సరేనన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు.

తడిగుడ్డతో ఒక ముఖం తుడిచాను. ఆ బోసి నుదురు చూడలేక నేనే మళ్లీ కుంకుమ పెట్టేశాను. రేపు పొద్దున్నే ఆ వ్యాపారి మళ్లీ వస్తాడు. కడగమన్న మనిషికి బొట్టు పెట్టమని ఎట్లా చెప్పేది?