ఆపేయమని పెట్టిన మెసేజ్

మేరీ అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన బందరు ఆసుపత్రిలో నీ హెడ్‌నర్సు కుర్చీ ఇప్పుడు నాది. డ్యూటీ మారేటప్పుడు నువ్వు నర్సులందరినీ వెంటబెట్టుకుని ప్రతి మంచం దగ్గరా ఆగి ఆ రోగి సంగతి చెప్పేదానివి. నేనది మానేసి అన్నీ వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాను.

పోయిన నెల ఘంటసాల నుంచి వచ్చిన రైతొకాయనకి ఇంజెక్షన్ పడటం లేదని, ఆపేయమని డాక్టరుగారు చెప్పారు. వెంటనే గ్రూపులో పెట్టాను. కొత్తగా చేరిన సునీత అది చూడక ఇంజెక్షన్ చేసేసింది. సాయంత్రానికి ఆయన చనిపోయాడు.

"మెసేజ్ పెట్టానుగా, చూసుకోవద్దా?" అని అరిచాను.

"డ్యూటీలో ఫోన్ ముట్టుకుంటే ఊరుకోనని మీరే అన్నారు కదండీ, మేడమ్," అంది.

నిజమే, ఆ మాట నేనే అన్నాను. విచారణలో మాత్రం ఆ సంగతి చెప్పలేదు. సునీత నా వంక చూసి, తనూ చెప్పకుండా తల దించుకుంది.

ఇవాళ ఆ పిల్లని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ ఆర్డరు గ్రూపులో పెట్టింది కూడా నేనే. అందరూ చూశారు.

నువ్వు లేకపోవడమే మంచిదయిందని మొదటిసారి అనిపించింది, అక్కా.

నీ విజయ