మొక్కినవాళ్ళ వేళ్ళ గుర్తులు

ఓల్డ్ సెటిల్‌మెంట్,
ఖరగ్‌పూర్.

అక్కకు,

నీ చెల్లెలు సుజాత నమస్కరించి వ్రాస్తున్నది. నేను ఇక్కడ క్షేమం. నువ్వు, చిన్ని, మీ అత్తగారు, మామగారు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్ చేస్తే ఇంట్లో అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టక నీకు తప్పదు. ఇది నీ ఒక్కదానితో చెప్పవలసిన మాట, అందుకే కాగితం.

వానలు తగ్గినా ఉక్క తగ్గలేదు. ఇక్కడి ఇందా పేటలోని ఆసుపత్రిలో గుండెకు స్కాన్ తీసే నా పని బాగానే సాగుతోంది. నేను ఉంటున్న ఇంటావిడ అప్పలనరసమ్మ పిన్నిగారు మన శ్రీకాకుళం వైపు వారే. మామగారి నాటి నుంచి రైల్వే వర్క్‌షాపు కుటుంబం. గసగసాల కూరతో అన్నం పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చుంటారు. తిండికి లోటు లేదు, దిగులు పడకు. సాయంత్రం ఇంజన్ కూత వినబడినప్పుడు మాత్రం నువ్వు గుర్తొస్తావు.

మా సందు చివర ఒక పేరంటాలు గుడి ఉంది. గుడి అంటే పసుపు పూసిన రాయి, కొన్ని గాజులు, మేకుకు వేలాడే పసుపు చీర. బొగ్గు ఇంజన్ల నాడు ఒక ఫైర్‌మన్ శవాన్ని ఇంటికి తెస్తే, ఆయన భార్య స్నానం చేసి, పసుపు రాసుకుని, పక్కన కూర్చుని ప్రాణం విడిచిందట. ఆమెనే దేవతగా నిలుపుకున్నారు. కొత్త కోడళ్ళను మొదట అక్కడికే తీసుకెళ్తారు. భర్త పోయిన ప్రతి స్త్రీనీ ఈ సందు కొన్నాళ్ళు ఒకలా చూస్తుంది. ఏమీ అడగదు. ఎదురుచూస్తుంది.

మా పక్క క్వార్టర్‌లో పార్వతి భర్త కిందటి నెల పోయాడు. తర్వాత ఆమె పాదాలు ఉబ్బాయి. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే ఉండేది. అన్నం సహించేది కాదు. పేరంటాలు ఆమె మీదికి వస్తోందని పెద్దలు తేల్చారు. ఆడవాళ్ళు ఉదయాన్నే వచ్చి ఆ పాదాలకు పసుపు రాసి మొక్కడం మొదలుపెట్టారు.

పిన్నిగారితో నేనూ వెళ్ళాను.

"అలగ సూస్తన్నావేటి? మొక్కు తల్లీ," అన్నారు పిన్నిగారు. "మొక్కినోల్ల ఏల్లు ఎలగ నిలిసిపోనాయో సూడు. మయిమ కాకపోతే మరేటి?"

నిజమే అక్కా. పసుపు కింద వేళ్ళ గుంటలు పూడకుండా అలాగే ఉన్నాయి. నీరు పట్టిన కాలిని నొక్కితే అంతే. ఆసుపత్రిలో తరచూ చూస్తాను. అక్కడ దానికి ఎవరూ దణ్ణం పెట్టరు.

అందరూ వెళ్ళాక పార్వతి పక్కన కూర్చుని, ఇది గుండె జబ్బు కావచ్చు, స్కాన్‌కు రమ్మన్నాను. ఆమె ఊపిరి కూడదీసుకుంది.

"నయమైపోతే నన్నేటంతారు దీదీ? మొగుడి మీద పేమ నేదు, అందుకే బతికింది అనరా?"

నాకు నువ్వే కళ్ళ ముందు మెదిలావు. బావ పోయిన తర్వాత నువ్వు మొదటి ముద్ద నోట పెట్టుకుంటుంటే, "ఎలగ దిగుతందమ్మా గొంతులో?" అని ఎవరో అన్నారు. నువ్వు చెయ్యి కడిగేసుకున్నావు.

ఆ సాయంత్రం పేరంటాలు కథ మళ్ళీ చెప్పమని పిన్నిగారిని అడిగాను. ఆవిడ అత్తగారు చిన్నతనంలో ఆమెను కళ్ళారా చూశారట.

"మా అత్త సెప్పీది, ఆ తల్లికీ ముందు నుంచి పాదాలు ఉబ్బీవట. తొంగోనేక, కూకునే నిద్దరోయీదట..." అంటూ పిన్నిగారు ఆగిపోయారు.

"ఆయన పోకముందేనా, పిన్నిగారూ?"

"ముందే." ఆవిడ నా వైపు తిరిగారు. "అయితే ఆ తల్లిదీ జబ్బేనంతావేటి?"

"నేను చూడని గుండె గురించి చెప్పలేను. పార్వతిది చూడగలను."

పిన్నిగారు లేచి నేరుగా పార్వతి దగ్గరికి వెళ్ళారు. "ముందు ఆయాసం తగ్గించుకో. నిన్నెవులైనా ఏటన్నా అంతే నాతో అనమను," అన్నారు.

మర్నాడు పార్వతిని ఆటో ఎక్కిస్తుంటే ఎదురింటావిడ బుగ్గలు నొక్కుకుంది. "అమ్మోరిని ఆస్పత్రికి తీసుకుపోతారేటే!"

"అమ్మోరైతే ఆటో ఎక్కదేటి? జరుగు," అన్నారు పిన్నిగారు.

స్కాన్‌లో గుండె లోపలి ఒక కవాటం బాగా సన్నబడి కనిపించింది. ఎప్పుడో చిన్ననాటి జ్వరం మిగిల్చిన జబ్బు అన్నారు డాక్టరు. భర్త బతికి ఉన్న నాడూ ఉన్నదే. కవాటానికి ముందుముందు చికిత్స కావాలి. ప్రస్తుతానికి మందులతో కాళ్ళ నీరు తగ్గింది. పార్వతి ఇప్పుడు దిండు మీద తల పెట్టి పడుకుంటోంది.

మొక్కడానికి ఎవరూ రావడం లేదు. "ఎలిపోనాది అమ్మోరు," అంటూ ఒకామె పసుపు గిన్నెతోనే తిరిగిపోయింది. పిన్నిగారు మాత్రం రోజూ వెళ్తారు. వంగి, పార్వతి చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కి, వేలు తీసి, గుంట పడిందేమో చూస్తారు. నేను నేర్పినదే. వీధిలోంచి చూసేవాళ్ళు ఇంకా మొక్కుతున్నారనే అనుకుంటారు.

గుడి ముందు నుంచి సైకిల్ మీద వెళ్తుంటే ఆ చీర గాలికి కదులుతుంది. దాని వెనక గోడకు ఆనుకుని, ఊపిరి కోసం నోరు తెరిచిన మనిషి ఒకామె నాకు కనిపిస్తుంది. ప్రాణం విడిచిందన్నారు. విడవలేక ఎంత పెనుగులాడిందో ఎవరు అడిగారు?

మొన్న ఫోన్‌లో, మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, దుఃఖమేలే అన్నావు. కావచ్చు. చూడకుండా మాత్రం నేను ఒప్పుకోను. చీలమండ పైన, ఎముక మీద, బొటనవేలితో కాసేపు నొక్కి వేలు తియ్యి. ఏం కనిపించిందో నాకు వ్రాయి. ఏమీ కనిపించకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఆకలైనప్పుడు తిను. ఎవరి ఎదుటైనా తిను.

మీ అత్తగారికి, మామగారికి నా నమస్కారాలు. చిన్నికి ముద్దులు. ఇటు ఎవరైనా వస్తుంటే కాసిన్ని ఉలవలు పంపు. నీ దీవెనలు నాకు ఎప్పుడూ కావాలి, అక్కా. దీవించడానికి నువ్వు ఉండాలి.

నీ చెల్లెలు,
సుజాత