మాతను ఎత్తుకొచ్చిన పాద్రే

సాన్ ఇసిద్రో రేవు,
శుక్రవారం మధ్యాహ్నం

అమ్మకు, నీ చిన్నకొడుకు అన్సెల్మో రాస్తున్నది. నీ చెయ్యి నా నుదుటికి ఆనించుకున్నాననుకుని దీవించు. ఇక్కడ అందరం క్షేమం. ఎప్పుడూ అలవాటుగా రాసే ఈ మాట రాయాలా వద్దా అని ఈసారి చాలాసేపు ఆలోచించాను.

దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గింది. వేళకు తింటున్నానా అన్నావు. అన్నం, ఎండుచేప దొరుకుతున్నాయి గానీ సగం తిని వదిలేస్తున్నాను. భూకంపాల మిషన్ ధ్యాసలో పడి గుళ్లో పూజ చెయ్యడం మరచిపోతున్నానేమోనని నీ అనుమానం. లేదమ్మా, పూజ అయ్యాకే దాని దగ్గరికి వెళ్తాను. కాకపోతే ఈ మధ్య పూజలో నిలబడినా మనసు నేల అదిరినప్పుడల్లా కొట్టుకునే ఆ మిషన్ సూది మీదే ఉంటోంది.

మా ఊరి కొండ అగ్నిపర్వతమని నీకు తెలుసుగా; అది పొగలు ఎక్కువగా కక్కితే, మరియమాత విగ్రహాన్ని గుడి గుమ్మంలోకి తెచ్చి కొండకేసి తిప్పి నిలబెట్టడం ఇక్కడి ఆనవాయితీ. ఆవిడ చూస్తున్నంతసేపూ కొండ బుద్ధిగా ఉంటుందని నమ్మకం. పోయిన నెల నేనే తెచ్చి నిలబెట్టాను. నవదిన ప్రార్థనలు ముగిసేసరికి పొగ ఆగిపోయింది. ఊరంతా పందిని కోసి పండగ చేసుకుంది. నేను మాత్రం మిషన్ దగ్గరికి వెళ్లి చూశాను. పొగ ఆగింది గానీ సూది ఆగలేదు, అంతకంతకూ ఎక్కువగా కొట్టుకుంటోంది. కొండ గొంతుకు ఏదో అడ్డుపడి లోపల ఆవిరి పెరుగుతోందని నా భయం. మూత బిగించిన కుండ కింద మంట ఆరకపోతే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా?

ఊరు ఖాళీ చెయ్యమని పూజలో చెప్పాను. నవ్వారు. చేపలమ్మే సలూద్ లేచి నిలబడింది.

"పొగ ఆగడం ఊరంతా చూసింది పాద్రే. మీ సూదిని మీరొక్కరే చూశారు. మా తల్లి గుమ్మంలో ఉండగా మేం ఎక్కడికీ కదలం."

ఆ మాటే నాకు దారి చూపించింది. మొన్న అందరూ పొలాలకు వెళ్లినప్పుడు మాతను దుప్పట్లో చుట్టి, దున్నపోతు బండిలో పడుకోబెట్టి రేవుకు తోలుకొచ్చేశాను. నీ కొడుకు తన గుళ్లోనే దొంగతనం చేశాడమ్మా. తల్లి లేని ఊళ్లో పడుకునేది లేదని ముసలివాళ్లు సైతం మొండికేశారట. సాయంత్రానికి ఊరు ఊరంతా, పిల్లాపాపలతో సహా నన్ను తిట్టుకుంటూ వెనకాలే వచ్చింది. నాకు కావలసిందీ అదే.

ఇప్పుడు అందరం రేవులోని పాత బియ్యపు గోదాంలో ఉన్నాం. నేను మాత ముందు అడ్డంగా కూర్చున్నాను. కొండ మాత్రం ఎండలో ఎంతో అందంగా, నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. మిషన్ ఊళ్లోనే ఉండిపోయింది, సూది ఏమంటోందో నాకూ తెలియదు. ఇందాక సలూద్ గిన్నెడు చేపల పులుసు తెచ్చి నా ముందు పెట్టి అంది:

"తాగండి. రేపు పూజ అవ్వగానే తల్లిని తీసుకుని ఇంటికి పోతాం. అడ్డొస్తే మిమ్మల్నీ బండికి కట్టి తీసుకుపోతాం."

వాళ్లు నిజంగానే పోతారు. ఆపడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. బిషప్‌గారికి ఫిర్యాదు కూడా వెళ్లింది. నా పాద్రే పదవి ఉంటుందో ఊడుతుందో తెలియదు. కానీ నేను భయపడుతున్నది అందుకు కాదు. ఇంతసేపూ ఆ సంగతి రాయలేక పక్కదారులు పట్టాను.

ఈ ఉదయం వాళ్లందరినీ కాపాడమని వేడుకుందామని మోకరిల్లాను. నా నోటి నుంచి వచ్చిన మాట వేరు. "ప్రభువా, రేపటిలోగా ఆ కొండ పగలాలి" అన్నాను. దాని కింద వాళ్ల ఇళ్లున్నాయి, పంట ఉంది, వాళ్ల పెద్దల సమాధులున్నాయి. అవన్నీ కాలిపోయినా సరే, నా మాట నిజమవ్వాలని అడిగాను. వాళ్ల ప్రాణాల కోసమే అడిగానని నాకు నేను ఎంత చెప్పుకున్నా నమ్మకం కుదరడం లేదు. కొండ కంటే నన్ను చూస్తేనే నాకు ఎక్కువ భయం వేస్తోందమ్మా.

నా కోసం ఒక్కటే ప్రార్థించు. ఆ కొండ ఎప్పటికీ పగలకపోతే, నేను మనస్ఫూర్తిగా సంతోషించగలగాలని.

ఇట్లు,
నీ దీవెన కోసం ఎదురుచూసే
నీ చిన్నకొడుకు
అన్సెల్మో