అత్తరుకు అలిగిన ఎలుకలు

జహనుమా, హైదరాబాదు

అక్కకు, నీ కాళ్ళకు మొక్కి తమ్ముడు మల్లేశం రాస్తున్న సంగతులు.

నేను బాగున్నాను. నువ్వెలా ఉన్నావని అడగడం ఆనవాయితీ కాబట్టి అడుగుతున్నాను గానీ, బాగాలేవని నాకు తెలుసు. ఫోన్లో హాస్పిటల్ మాట ఎత్తగానే నువ్వు పెట్టేస్తున్నావు. ఉత్తరాన్ని అలా పెట్టేయలేవు. సాయిలూ, మీ అమ్మ వద్దన్నా ఒక్క ముక్క కూడా మింగకుండా చదివి వినిపించు.

ఇక్కడ వాన విడవడం లేదు. గల్లీలో నీళ్ళు నిలిచాయి, నా గదిలోకి మాత్రం రాలేదు. అన్నానికి ఫికర్ లేదు. జొన్నరొట్టె చేసుకుంటాను గానీ ఈ పిండికి మన నారాయణపేట పిండి రుచి లేదు. వచ్చిన కొత్తలో మగ్గం చప్పుడు లేక నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు ఫలక్‌నుమా రైళ్ళ చప్పుడుకే పడుతోంది. మగ్గం మూలపడ్డ ముసలివాడికి పని చూపించిన ఖలీల్ భాయ్‌ని రోజూ తలుచుకుంటాను. ఆయనది మొఘల్‌పురా. జల్‌పల్లి దాటాక ఉన్న ల్యాబులో ఎలుకల గదికి ఆయనా నేనూ పనివాళ్ళం. పంజరాలు కడగడం, మేత పెట్టడం, నీళ్ళ సీసాలు మార్చడం మా పని.

మన ఇళ్ళలో ఎలుకకు మందు పెట్టేది చావాలని. ఇక్కడ పెట్టేది బతకాలని. ఈ ఎలుకలకు రోగాన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉండదు. మనిషి క్యాన్సర్ కణితిలోని కణాలను వాటి ఒంట్లో పెంచి, కొత్త మందు పనిచేస్తుందో లేదో చూస్తారు. మన తుమ్ముకే అవి చస్తాయి. అందుకని మేము స్నానం చేసి, వేరే బట్టలు కట్టి, మూతికి గుడ్డ కట్టుకుని లోపలికి వెళ్ళాలి. ఇదంతా వాటి నుంచి మమ్మల్ని కాపాడటానికి కాదు, మా నుంచి వాటిని కాపాడటానికి. నా పెళ్ళికి కూడా ఇంత శుభ్రంగా లేను.

బజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్కల మీద చదువు నేర్చినవాణ్ణి నేను. సగం వార్తలు నూనెలో మునిగిపోయేవి, అందుకే నా చదువూ సగమే. ఆ సగంతో అర్థమైంది చెబుతాను. మన నెత్తురులో కాపలా కాసే కణాల్లో బి-కణాలని ఒక రకం. నీకు చెడిపోయినవి అవే. వాటి పైన ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తును వెతికి పట్టుకునే దాన్ని యాంటీబాడీ అంటారు. దానికి చుక్కంత విషం అంటించి పంపుతారు. చెడ్డ కణం దాన్ని మింగాక, లోపల విషం విడుతుంది. ఎలుకకు బజ్జీలో మందు పెట్టి ఎర వేస్తాం చూడు, ఇక్కడ ఆ ఎలుకలోని కణితికే బజ్జీ వేస్తున్నారు.

ఇక అసలు ముచ్చట. పోయిన నెల ఖలీల్ భాయ్ బిడ్డ పెళ్ళి అయింది. బగారన్నం, దాల్చా కడుపునిండా తిన్నాను. వాళ్ళ పెళ్ళిళ్ళలో వచ్చినవాళ్ళకు అత్తరు రాసి మర్యాద చేస్తారు. నాకు మణికట్టుకు రాశారు, సబ్బుతో పోయింది. ఆయన పెళ్ళికూతురి తండ్రి కదా, వియ్యాలవారు గడ్డం నిండా పట్టించారు. గడ్డానికి పట్టిన అత్తరు అంత తేలికగా పోతుందా? కొత్త వాసన తగిలితే ఎలుకలు బెదిరి మేత మానేస్తాయి, అందుకే గదిలో ఏ వాసనా ఉండకూడదని నియమం. ఆయన రెండుసార్లు కడుక్కుని పనిలోకి వచ్చాడు.

ఆ వారం తూకం వేస్తే ఎలుకలు చిక్కిపోయాయి. పరీక్షలు చేసే మేడమ్ మొహం వాడిపోయింది. ఎలుక చిక్కిందంటే మందు దాని ఒంటికి పడలేదని అర్థం, ఆ మందు అక్కడితో ఆగిపోతుంది. అయితే పోల్చి చూడటానికి కొన్ని పంజరాలకు మందు ఇవ్వరు, ఉత్త ఉప్పునీళ్ళ సూది వేస్తారు. చూస్తే అవీ చిక్కాయి.

మేడమ్ మమ్మల్ని పిలిచి అడిగింది. “మందే ఇయ్యని ఎలుకలు ఎందుకు తగ్గినయ్? గదిలో ఏదో మారింది. ఎవరికన్నా తెలుసా?”

ఖలీల్ భాయ్ నా వైపు చూశాడు. చెబితే పని పోవచ్చు, పెళ్ళి ఖర్చు ఇంకా నెత్తి మీదే ఉంది. అయినా చెప్పాడు. “మేడమ్, గల్తీ నాది. బిడ్డ షాదీల గడ్డానికి అత్తరు పెట్టిన్రు. మస్తు కడిగిన గాని పోలే.”

“ముందే చెప్పకపోయినవా భాయ్?”

“సిగ్గైంది మేడమ్.”

ఆమె కోప్పడలేదు. వాసన పోయేదాకా ఆయన్ను బట్టలుతికే గదికి మార్చింది. ఎలుకలు మళ్ళీ మేత ముట్టాయి, బరువు పట్టాయి. “మీరు దాస్తే మంచి మందును చెడ్డదనుకుంటుంటి” అని దండం పెట్టింది. నేనైతే, “నీ గడ్డం ఎంత పని జేసె భాయ్” అని ఇప్పటికీ ఏడిపిస్తూనే ఉన్నాను.

ఇదంతా ఎందుకు రాశానో నీకు అర్థమయ్యే ఉంటుంది. హాస్పిటల్ సూది పడటం లేదు, వాంతులతో చస్తున్నాను, ఇక పోను అంటున్నావట. నువ్వు రోజూ పొద్దున పరగడుపున ఆకు పసరు తాగుతున్నావని కూడా తెలిసింది. చెప్పిందెవరని అడగకు. చదువుతున్నవాడి మొహం కూడా చూడకు. ఆ వాంతులు సూదివో, పసరువో, రెండూ కలిసినందువల్లవో నాకు తెలియదు, నీకూ తెలియదు. తెలుసుకోగలిగింది డాక్టరమ్మే, అదీ నువ్వు నోరు విప్పితేనే. అంతదాకా పసరు ముట్టకు.

ఇంకొకటి. “మా తమ్ముని ఎల్కల మందు వస్తది, గప్పటిదాంక ఆగుత” అన్నావట. అక్కా, ఆ మందు ఇంకా ఎలుకల గది గడప దాటలేదు. మనుషుల్లో పరీక్ష చేసేసరికి ఏళ్ళు పడతాయి, అప్పటికీ పనిచేస్తుందని ఎవరూ చెప్పలేరు. అలాంటివే కొన్ని ఇప్పటికే మనుషులకు ఇస్తున్నారట. నీకు పనికొస్తాయేమో డాక్టరమ్మే చెప్పాలి. ఈ రోజుకు నీ మందు ఆ హాస్పిటల్లో ఉన్నదే. దాని కోసం కూడా ఏనాడో ఎన్నో ఎలుకలు ప్రాణం పెట్టాయి. మా ఎలుకలను కూడా పరీక్ష అయ్యాక నొప్పి తెలియకుండా నిద్రపుచ్చుతారు, అవి ఇక లేవవు. ఖాళీ పంజరం కడిగేటప్పుడు లోపలే దండం పెట్టుకుంటాను. వాటి రుణం తీర్చే దారి నాకు ఇంకోటి తెలియదు, మా అక్క సూది వేయించుకోవడం తప్ప.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. సోమవారం ఇద్దరం కలిసి హాస్పిటల్‌కు వెళ్దాం. పసరు సంగతి నువ్వే చెప్పు, డాక్టరమ్మ తిడితే ఆ తిట్లు నేను పడతాను. నేను తిరిగి బయల్దేరేటప్పుడు జొన్నపిండి, పల్లీల పొడి కట్టించు. సాయిలుకు, కోడలికి, పిల్లలకు నా ఆశీస్సులు. మన వాడకట్టు పెద్దలకు నమస్కారాలు.

ఉత్తరం ముగించేటప్పుడు పెద్దల దీవెన అడగాలి. మన ఇంట్లో నాకంటే పెద్దదానివి నువ్వొక్కదానివే మిగిలావు. ఈ వయసులో ఇంటికి పెద్దవాణ్ణి కావడం నాకు ఇష్టం లేదు.

నీ చిన్నోడు,
మల్లేశం